మిర్చి యార్డు వర్ణన తేలిపోతే ఎలా సరిచేశాను

గుంటూరు మిర్చి యార్డు మీద రాసిన పేరాలో "ఎర్రటి కుప్పలు, ఘాటైన వాసన, ఒకటే సందడి" తప్ప ఏమీ లేదు. రంగు మార్చితే ఈ మాటలు ఏ సంతకైనా అతుకుతాయి. లోపం భాషలో కాదు, చూపులో ఉంది. విశేషణం దొరకగానే కన్ను వెతకడం మానేస్తుంది.

దిద్దుబాటుకు జేబు పుస్తకం, పెన్సిలు, 40 నిమిషాలు చాలు. ఫోను తీయొద్దు, ఫొటో ఉందన్న ధీమాతో మనసు చూడటం ఆపేస్తుంది. ఒక్కచోటే నిలబడి, మొదటి 10 నిమిషాలు ముక్కుకీ చెవికీ ఇవ్వాలి. మిర్చి ఘాటు అసలు వాసనే కాదు, మంట. కాయల దుమ్ములోని క్యాప్సైసిన్, అంటే మంట పుట్టించే పదార్థం, గొంతులో గీరుతుంది, కళ్లు చెమరుస్తాయి. కాబట్టి వాసన గురించి కాక, ఎవరు ఎప్పుడు దగ్గారో రాసుకోవాలి.

మిగతా సమయమంతా ఒకే మనిషికి. ముఖం వదిలేసి చేతులు చూడండి. కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు తీసి కాయ విరుస్తాడు. ఎండినది పుటుక్కుమంటుంది, తేమ ఉన్నది వంగుతుంది. హమాలీని "కష్టజీవి" అనాలనిపిస్తే ఆ మాట కొట్టేసి, బస్తా ఎత్తే ముందు తలగుడ్డ ఎలా సర్దుకున్నాడో రాయండి. ఎవరైనా ఏం రాస్తున్నారని అడిగితే దాచకుండా చెప్పాలి, అది మర్యాద.

తేజ (ఒక మిర్చి రకం), తాలు (రంగు పోయిన నాసి కాయ), టిక్కీ లాంటి మాటలు విన్నవి విన్నట్టే ఉంచాలి. వాక్యాలు ఆ రాత్రికే కట్టాలి, మర్నాటికి పాత విశేషణాలు తిరిగొస్తాయి. 30 వివరాల్లో 3 మిగిలితే పేరా నిలబడుతుంది.