కొత్త సర్పంచ్‌కి, కొత్త సెక్రటరీకి: పంచాయతీ రోజు ఎలా గడుస్తుందంటే

2019 ఏప్రిల్‌లో జూనియర్ పంచాయతీ సెక్రటరీగా చేరిన రోజు నాకు ఒక తాళంచెవి, నాలుగు రిజిస్టర్లు, చెదలు పట్టిన బీరువా అప్పగించారు. పని నేర్పింది ఏ ట్రైనింగూ కాదు, మా ఊరి కారోబార్ (పన్నులు వసూలు చేసి, లెక్కలు రాసే పంచాయతీ మనిషి). ఆయన్ని నేను బాపు అనే పిలుస్తాను. 2025 డిసెంబర్ ఎన్నికల్లో కొత్తగా గెలిచిన సర్పంచ్‌లు, కొత్తగా చేరిన సెక్రటరీలు ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది ఒకేసారి రాస్తున్నాను. మాది తెలంగాణలో చిన్న ఊరు. పదకొండు వందల జనం, ఎనిమిది వార్డులు, ముగ్గురు మల్టీపర్పస్ కార్మికులు, ఒక ట్రాక్టరు, నలభై వేల లీటర్ల ట్యాంకు.

పొద్దున ముందు ఆఫీసుకు వెళ్లకండి. ఆరున్నరకల్లా ఊరి చివర ఉన్న ఆఖరి నల్లా దగ్గరికి వెళ్లండి. అక్కడ బిందె పెట్టుకున్న అక్కను "నీళ్లు ఎట్లొస్తున్నయ్?" అని అడగండి. ఆ నల్లాకు ధార బాగుంటే ఊరంతా బాగున్నట్టే. లేకపోతే మధ్యలో ఎవరో పైపుకు మోటారు బిగించినట్టు. తిరిగి వచ్చేటప్పుడు మోరీలు, పగలు కూడా వెలుగుతున్న వీధి దీపాలు చూసుకోవచ్చు. రోజూ ప్రభుత్వ యాప్‌లో పెట్టాల్సిన పనుల ఫోటోలు ఆ నడకలోనే తీసేయండి. ఆఫీసులో కూర్చున్నాక సిగ్నల్ దొరకదు, తీరిక అంతకన్నా దొరకదు. చెత్త ట్రాక్టరు కూడా జనం ఇంట్లో ఉన్నప్పుడే తిరగాలి. నాట్ల సీజన్‌లో ఏడు దాటితే ఇళ్లకు తాళాలే.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మిషన్ భగీరథ నీళ్లు క్లోరిన్ కలిసే వస్తాయి. బోరు నీళ్లతో ట్యాంకు నింపిన రోజు మాత్రం బ్లీచింగ్ మనమే కలపాలి. వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల లెక్కన మా ట్యాంకుకు 160 గ్రాములు పడుతుంది. పొడిని ఎత్తి ట్యాంకులో పోయకూడదు. ముందు బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత నిండా నీళ్లు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం లాంటిది అడుగుకు దిగాక పైన తేరుకున్న నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయండి. అరగంట ఆగి నల్లాలు వదలండి. ఆ తర్వాత మళ్లీ ఆ ఆఖరి నల్లా దగ్గరికే వెళ్లి, క్లోరోస్కోప్ (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరం) గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేయండి. లేత పసుపు రంగు రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు రాలేదంటే చాలాసార్లు తప్పు బ్లీచింగ్ బస్తాది. గడ్డకట్టి, ఘాటు వాసన పోయిన పొడి ఎంత వేసినా లాభం లేదు. బస్తా చెక్క మీద పెట్టి, మూతి గట్టిగా కట్టి ఉంచండి. ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింట్‌తో రాయించండి. జనం చూస్తారు, అందుకని కార్మికులూ తేదీ మరిచిపోరు.

ఆఫీసు పనిలో మొదటిది జనన మరణాల నమోదు. 21 రోజుల్లోపు వస్తే ఖర్చు లేదు, తిరుగుడు లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. పాపం, ఆ కుటుంబం ఎన్ని రోజులు కూలి పోగొట్టుకుంటుందో. ఊళ్లో ఎవరైనా పోతే నేను దినాల లోపే ఇంటికి వెళ్లి ఫారం నింపుతాను. రాసే ముందు ఆధార్ చూడటం మాత్రం మరవకండి. ఊరంతా పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఇంకొకటి ఉంటుంది. చనిపోయింది రైతు బీమా ఉన్న రైతయితే ఆ 5 లక్షలు ఈ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. ఒక్క అక్షరం తేడా వస్తే ఆ ఇంటివాళ్లు మళ్లీ మన చుట్టూ తిరగాలి.

ఇంటి పన్నుకు మార్చిలో పరుగెత్తడం అందరూ చేసేదే. నేను మాత్రం వడ్ల పైసలు ఖాతాల్లో పడే రోజులు చూసుకుని, కారోబార్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్తాను. ముందు సర్పంచ్ ఇంటి పన్ను, తర్వాత వార్డు మెంబర్లది. ఆ రసీదులు చూపిస్తే మూడొంతుల వాదనలు అక్కడే ఆగిపోతాయి. రసీదు ఇవ్వకుండా పది రూపాయలు కూడా చేతిలోకి తీసుకోవద్దు.

ఇక తీర్మానాల పుస్తకం. పంచాయతీ మీటింగ్ నెలకోసారి, గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. గ్రామసభకు వాట్సాప్ మెసేజ్ సరిపోదు, డప్పు చాటింపు వేయించండి. చాటింపు ఫోటో ఫైల్లో ఉంచండి. తీర్మానం "మోరీ కట్టాలి" అని రాస్తే పనికిరాదు. ఏ వార్డు, ఎవరి ఇంటి నుంచి ఎక్కడిదాకా, ఎన్ని మీటర్లు, ఏ నిధి అన్నది రాయాలి. కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం (2021-26) డబ్బుల్లో అరవై శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న షరతు ఉండేది, కాబట్టి నిధి పేరు రాయకపోతే తర్వాత చిక్కే. సంతకాలు మెంబర్లు లేవకముందే పెట్టించి, కింద మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టేయండి.

ఇంత పట్టింపు నాకెందుకు వచ్చిందో చెప్తాను. ఒక మే నెలలో బోరు మోటారు కాలిపోయింది. ఊళ్లో చుక్క నీళ్లు లేవు. ఆ రోజే వైండింగ్ చేయించి 9,800 కట్టాం, సాయంత్రానికి నీళ్లు వచ్చాయి, నన్ను అందరూ మెచ్చుకున్నారు. తర్వాతి మీటింగ్‌లో దానికి ఆమోదం తీసుకోవడం మరిచిపోయాను. ఆడిట్‌లో అభ్యంతరం రాశారు, ఆ మొత్తం నా జీతంలోంచి కట్టాను. బాపు ఏమీ అనలేదు, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడంతే. ఇప్పుడైతే అర్జెంటు రిపేరు చేయించినా, మోటారు హెచ్‌పీ, దాని మీది నంబరు స్టాక్ రిజిస్టర్‌లో అదే రోజు ఎక్కిస్తాను. వచ్చే మీటింగ్‌లో మొదటి అంశం అదే. ఆ తీర్మానం నంబరు ఓచర్ మీద ఎర్ర పెన్నుతో వేస్తాను.

సర్పంచ్‌లకు విడిగా రెండు మాటలు. మన దగ్గర చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా పడాలి. ఓడిన వర్గం మనిషి ఉప సర్పంచ్ అయితే చాలా ఊళ్లలో పని ఆగేది ఇక్కడే. ఆయన్ని బతిమాలక్కర్లేదు, బిల్లు తయారయ్యే ముందే పని జరిగే చోటికి తీసుకెళ్లి చూపించండి. రెండోది అక్కలకు: కుర్చీలో మీరే కూర్చోండి, మీ ఆయన కాదు. డిజిటల్ కీ (ఆన్‌లైన్‌లో మీ సంతకంగా పనిచేసేది), దాని పాస్‌వర్డ్ ఆయనకే కాదు, నాలాంటి సెక్రటరీకి కూడా ఇవ్వకండి.

సొంత డబ్బు పెట్టి పని మొదలుపెట్టే ముందు క్యాష్ బుక్‌లో నిల్వ ఎంతో అడగండి. చెక్కు రాశాక డబ్బు రావడానికి నెలలు పట్టొచ్చు. వడ్డీకి తెచ్చి సీసీ రోడ్డు వేసి, పదవి దిగిపోయినా బిల్లు కోసం తిరుగుతున్న సర్పంచ్‌లు నాకు తెలుసు. నిల్వ లేకపోతే ఆ మాటే గ్రామసభలో చెప్పి, అలాగే పుస్తకంలో రాయించండి. ఊరివాళ్లు ఒక పూట కోప్పడతారు, అంతే.