షోరూముకంటే ముందు మీటరు దగ్గరికి: ధర తగ్గిన ఎలక్ట్రిక్ కారు కొనేవారికి జాగ్రత్తలు

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవారిలో ఎక్కువమంది ముందు షోరూముకు వెళ్లి, బేరం కుదిరి, బండి ఇంటికి వచ్చిన తరువాత ప్లగ్గు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగవేయాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న విషయం. కారు మీద దొరికే తగ్గింపు ఒక్కసారి వచ్చేది, దాన్ని నడిపించే కరెంటు నెలనెలా బిల్లులో కనిపించేది. ఈ రెండోదానిని నిర్ణయించేవి మీ మీటరు, మీ వైరింగు, మీ పార్కింగు. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందే గత పన్నెండు నెలల కరెంటు బిల్లులను బయటికి తీసి, ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో, మంజూరైన లోడు (ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన కరెంటు) ఎన్ని కిలోవాట్లని రాసి ఉందో చూసుకోవాలి.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ స్లాబులను ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 100 దాటి 200 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు రూ.3.40 చొప్పున, తరువాతి 100 యూనిట్లు రూ.4.80 చొప్పున పడతాయి. వాడకం 200 దాటిన నెలలో మాత్రం మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున వేసి, ఆపైన 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50 చొప్పున లెక్కిస్తారు. చాలామంది పట్టించుకోని మెలిక ఇక్కడే ఉంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే మధ్యస్థమైన కారుకు, చార్జింగులో వృథా అయ్యేదానితో కలిపి, మీటరు మీద దాదాపు 150 యూనిట్లు నమోదవుతాయని అనుకోవచ్చు. ఇప్పటివరకు 180 యూనిట్లు వాడుతూ రూ.724 కడుతున్న ఇల్లు కారు వచ్చాక 330 యూనిట్లకు చేరుతుంది, ఎనర్జీ చార్జీలు రూ.2,060 అవుతాయి. అంటే కారు కోసం అదనంగా పడింది రూ.1,336, యూనిట్‌కు దాదాపు రూ.8.90. బిల్లులో మొదటి వరుసలో కనిపించే రూ.3.40ను పట్టుకుని కారు ఖర్చు లెక్కవేసుకున్నవారికి మొదటి నెలలోనే నిరాశ ఎదురయ్యేది ఇందువల్లే. వేసవిలో ఏసీలు నడిచి వాడకం అప్పటికే 350 యూనిట్లకు చేరిన ఇంట్లో కారుకు వాడిన ప్రతి యూనిట్‌కూ రూ.9 నుంచి రూ.9.50 వరకు పడుతుంది.

అయినా భయపడనక్కరలేదు. లీటరు పెట్రోలు రూ.107గా, మైలేజీ 15 కిలోమీటర్లుగా లెక్కవేసుకుంటే అదే 1,000 కిలోమీటర్లకు రూ.7,000 దాటుతుంది. ఖరీదైన స్లాబులో కూడా కరెంటే చౌక. కాకపోతే చౌకను ఇంకా చౌక చేసుకునే మార్గం ఒకటి ఉంది. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగుకు విడిగా ఒక కేటగిరీ ఉంది, తెలంగాణలో ఆ ధర యూనిట్‌కు రూ.6. కేంద్రం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, వాహన చార్జింగు కోసం విడి కనెక్షను కోరుకునే హక్కు వినియోగదారుకు ఉందని స్పష్టం చేసింది. పైన చెప్పిన ఇంటికి విడి మీటరుంటే రూ.1,336 బదులు రూ.900 పడుతుంది, దాని మీద కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది. తక్కువ తిరిగేవారికి ఆ ఫిక్స్‌డ్ చార్జీయే మిగులును తినేస్తుంది, కాబట్టి నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగనివారు రెండో మీటరు కోసం తొందరపడవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. 2022-23 ధరల ప్రకారం అక్కడ 126 నుంచి 225 యూనిట్ల వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. వాహన చార్జింగు ధర రూ.6.70. స్లాబు దాటినా కింది యూనిట్ల ధర మారదు కనుక తెలంగాణలో ఉన్న దూకుడు అక్కడ ఉండదు, విడి మీటరు వల్ల కలిగే లాభం కూడా ఏసీలు ఎక్కువగా వాడే ఇళ్లకే ఎక్కువ. ఏ రాష్ట్రంలోనైనా దరఖాస్తుకు ముందు ఆ సంవత్సరపు ధరల పట్టికను విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కార్యాలయంలో ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

రాత్రి చార్జింగు పెడితే చౌక అని విదేశీ వీడియోలు చూసి చెప్పేవారుంటారు. తెలంగాణ గృహ స్లాబుల్లో పగలు, రాత్రి అనే తేడా లేదు. రాత్రిపూట పెట్టడం మంచిదే, కానీ దానికి కారణం గీజరు, మోటారు, ఏసీలతో కలిసి లోడు ఒకేసారి పడకుండా ఉండడమే. మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు అందుకుంటున్న ఊళ్లోని ఇంటికి పండుగకు వెళ్లి, వారం రోజులు కారును అక్కడే చార్జింగు పెట్టి వస్తే, ఆ నెల వాడకం 200 దాటి ఆ ఇంటివారు మొత్తం బిల్లు కట్టుకోవాల్సి వస్తుంది. బంధుత్వాలు చెడడానికి ఇంతకంటే చిన్న కారణాలే చాలు. ఇక పొలం దగ్గర మోటారు స్టార్టరు డబ్బా నుంచి కారుకు వైరు లాగడం ప్రమాదమే కాదు, నేరం కూడా. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షనును మరొకదానికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షను కింద వర్తించే ధరకు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేస్తారు.

ఇప్పుడు వైరింగు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, అందరూ డబ్బు మిగుల్చుకునేదీ ఇక్కడే. ఇంట్లో గీజరు రెండు కిలోవాట్లు తీసుకున్నా అరగంటలో ఆగిపోతుంది. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జరు 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి దాదాపు మూడు కిలోవాట్లను ఎనిమిది, తొమ్మిది గంటలు ఆగకుండా లాగుతుంది. 24 కిలోవాట్ అవర్ల (అంటే 24 యూనిట్ల) బ్యాటరీ ఉన్న టాటా చిన్న ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీకే ఒక రాత్రి పడుతుంది. ఇరవై ఏళ్ల కిందట వేసిన సన్నటి వైరు, వదులైన స్క్రూ, నాసిరకం సాకెట్టు అరగంట వేడిని తట్టుకుంటాయి గాని రాత్రంతా తట్టుకోలేవు. మా పక్కింటివారి పార్కింగులో ఇలాగే సాకెట్టు నల్లబడి ప్లగ్గు పిన్నుకు అతుక్కుపోయింది. అప్పటికి కారు వచ్చి పదిహేను రోజులే, పైగా వారు వాడుతున్నది మామూలు ఎక్స్‌టెన్షను బోర్డు. ఎక్స్‌టెన్షను బోర్డుతో కారును చార్జింగు పెట్టకూడదు, ఒక్క రాత్రికైనా సరే.

మీటరు బోర్డు నుంచి కారు ప్లగ్గు వరకు మధ్యలో మరే పాయింటూ లేకుండా విడి లైను వేయించాలి. 15 ఆంపియర్ల పాయింటుకు కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 7.2 కిలోవాట్ల గోడ చార్జరుకు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. మీటరు మూడో అంతస్తులో, కారు సెల్లార్‌లో ఉంటే దూరాన్ని బట్టి ఇంకా లావు వైరు కావాలి. ఆ లైనుకు సొంత ఎంసీబీతో (లోడు మించితే పడిపోయే స్విచ్చు) పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టించాలి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. రెండూ ఒకటేనని చెప్పే ఎలక్ట్రీషియన్‌కు ఈ పని అప్పగించవద్దు. ఎర్తింగు సరిగా లేకపోతే చాలా కార్లు అసలు చార్జింగే మొదలుపెట్టవు. అప్పుడు కొందరు న్యూట్రలును, ఎర్తును సాకెట్టులోనే కలిపి కారును ఏమార్చి చార్జింగు ఎక్కిస్తారు. ఆ స్థితిలో న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే కారు బాడీ అంతటికీ కరెంటు వస్తుంది. తలుపు పిడిని పట్టుకున్న పిల్లవాడి గతి ఏమిటో ఆలోచించండి. ఎర్తు గుంత కొత్తగా తీయించడమే దీనికి మార్గం. గుంత పాతదైతే వేసవిలో నీళ్లు పోస్తూ, మీటరుతో కొలిపించి, నిరోధం 5 ఓంలకు తక్కువ ఉందని నిర్ధారించుకోవాలి.

మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. లోడు పెంచమని ముందే దరఖాస్తు చేసి, డెవలప్‌మెంటు చార్జీలు కట్టేయాలి. 7.2 కిలోవాట్ల చార్జరు పెట్టుకుంటే సింగిల్ ఫేజ్ మీటరును త్రీ ఫేజ్‌గా మార్చాల్సి రావచ్చు. రోజుకు 40, 50 కిలోమీటర్లు మించని ఇంటికి ఈ పెద్ద చార్జరు అవసరమే లేదని నా అభిప్రాయం. రాత్రికి 15 ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చే కరెంటుతో 150 కిలోమీటర్ల ప్రయాణం సాగుతుంది. అపార్టుమెంటువారు అసోసియేషను అనుమతిని రాతపూర్వకంగా తీసుకుని, తమ ఫ్లాటు మీటరు నుంచి గానీ విడి మీటరు నుంచి గానీ లైను వేసుకోవాలి తప్ప, కామన్ మీటరు మీద పెట్టి తరువాత లెక్క చూసుకుందామనుకుంటే మొదటి సర్వసభ్య సమావేశంలోనే గొడవ మొదలవుతుంది. హైదరాబాద్‌లో సెల్లార్లలోకి వాన నీళ్లు రావడం ఏటా చూస్తున్నదే కనుక సాకెట్టు నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్గు తీసివేయడం మంచిది.

ఇంత చూసుకున్న తరువాత షోరూముకు వెళ్లవచ్చు. అక్కడ చూపించే తగ్గింపులో డీలరు ఇచ్చేదెంత, ప్రభుత్వం ఇచ్చేదెంత అని విడదీసి రాయించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ ఫీజును పూర్తిగా మినహాయించింది. రూ.12 లక్షల పెట్రోలు కారుకు జీవిత పన్ను పడేచోట ఇది రూ.2 లక్షలకు పైమాటే. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే. ఇవన్నీ ఎవరికైనా వచ్చేవే. వీటిని కలిపి 'మూడు లక్షల ఆఫర్' అని బోర్డు రాస్తే అందులో డీలరు జేబు నుంచి వచ్చింది కొంచెమే కావచ్చు. రుణం వడ్డీ మీద లక్షన్నర వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని ఇప్పటికీ చెబుతుంటారు. 80ఈఈబీ సెక్షను కింద ఆ వెసులుబాటు 2023 మార్చి 31లోపు మంజూరైన రుణాలకే. తెలంగాణలో మినహాయింపుతో రిజిస్టరు చేయించి, తరువాత కారును ఆంధ్రప్రదేశ్‌కు శాశ్వతంగా తీసుకుపోయేవారు అక్కడి పన్ను సంగతిని ముందే రవాణా శాఖలో అడగాలి.

నిజంగానే ధర బాగా తగ్గించారంటే కారణమేమిటని అడగడం తప్పు కాదు. యార్డులో నెలల తరబడి నిలిచిపోయిన బండి అయితే చాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం తెలుసుకోవాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన స్థితిలో పడి ఉందేమో, 12 వోల్టుల చిన్న బ్యాటరీ బాగుందో లేదో సర్వీసు విభాగం చేత పరీక్షించి రాతలో ఇమ్మనాలి. తక్కువ ధర వేరియంట్లలో కొన్నింటికి ఫాస్ట్ చార్జింగు సౌకర్యమే ఉండదు. ఇంట్లో చార్జింగు ఉన్నవారికి అది పెద్ద లోటు కాదు గాని, హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లిరావాలంటే తెలుస్తుంది. మరో పద్ధతిలో కారు ధర తగ్గించి, బ్యాటరీకి కిలోమీటరుకు ఇంత అని అద్దె కట్టమంటారు. 2024లో ఎంజీ కంపెనీ విండ్సర్ ఈవీ ఇలాగే రూ.9.99 లక్షలకు, కిలోమీటరుకు రూ.3.50 బ్యాటరీ అద్దెతో వచ్చింది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే అద్దె ఒక్కటే రూ.3,500, కరెంటు దానికి అదనం. పైన వేసుకున్న చౌక లెక్కలో చాలాభాగం అక్కడే కరిగిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ కారు విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. కొత్త నెక్సాన్ ఈవీ ధరలను టాటా కంపెనీ 2024 ఫిబ్రవరిలోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ తగ్గించింది కనుక పాత బండి ధరను అసలు ఇన్‌వాయిసుతో కాకుండా నేటి కొత్త బండి ధరతో పోల్చి బేరమాడాలి. బ్యాటరీ వారంటీ చాలా కార్లకు ఎనిమిదేళ్లు ఉన్నా, జీవితకాల వారంటీ అని ప్రకటించినవి మొదటి యజమానికే పూర్తిగా వర్తిస్తాయి. అది రెండో యజమానికి ఎంతవరకు బదిలీ అవుతుందో కంపెనీ నుంచే తెలుసుకోవాలి. ఆకుపచ్చ నంబరు పలక మీద తెల్ల అక్షరాలుంటే సొంత వాహనం, పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ. ట్యాక్సీగా తిరిగిన కారు రోజూ ఫాస్ట్ చార్జరు మీదే బతికి ఉండవచ్చు. అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించి, నిండా చార్జింగుతో బయలుదేరి సగానికి వచ్చేదాకా మీరే నడిపి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ, మున్నేరు పొంగి ఖమ్మంలోనూ ఎన్నో వాహనాలు నీట మునిగాయి. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెటు కింద ఒండ్రు, చార్జింగు పోర్టు పిన్నుల మీద పచ్చటి మరక కనిపిస్తే ధర ఎంత తగ్గినా వెనక్కి రావాలి. ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర, రుణం తీరిందని చూపే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చూడకుండా డబ్బు చేతులు మారకూడదు. కారుతో వచ్చిన చార్జింగు కేబులు కూడా ఇస్తున్నారో లేదో అడగండి, విడిగా కొంటే అది ఖరీదైన వస్తువే.

కారు ఇంటికి వచ్చిన మొదటి రాత్రి చార్జింగు పెట్టి పడుకోవద్దు. సాయంత్రమే మొదలుపెట్టి మీటరు రీడింగు రాసుకోండి. గంట తరువాత చేయి తడి లేకుండా చూసుకుని ప్లగ్గును, సాకెట్టును, ఎంసీబీ డబ్బాను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు బటను నొక్కి అది పడిపోతుందో లేదో చూడండి, ప్రతి నెలా ఒకసారి అలాగే చూడండి. చార్జింగు ముగిశాక మీటరు రీడింగు మళ్లీ రాసుకుని, అదే మీటరు మీద ఇంట్లో మిగతావి వాడింది తీసివేసి, కారు తెర మీద చూపిన యూనిట్లతో పోల్చండి. పదో పదిహేనో శాతం తేడా మామూలే, అంతకు బాగా మించితే లైనులో ఎక్కడో కరెంటు వేడిగా మారిపోతోందేమోనని అనుమానించాలి.