పెద్ద పండుగ భోజనాలు, ఐబీఎస్ ఉన్న కడుపు

కనుమ నాడు మినుము కొరకాలంటారు, ఆ రోజు కాకి కూడా కదలదంటారు. గోదావరి డెల్టాలో బంధువుల ఇంట పండుగ చేసుకుంటున్న ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగు జబ్బు) రోగికి ఈ రెండు మాటలూ ఒకేసారి ఎదురవుతాయి. వడ్డించేది మినపగారె, పైగా లేచి సొంత ఇంటికి వెళ్లిపోయే వీలుండదు. నాకు ఈ జబ్బేనని డాక్టరు తేల్చిన తరువాత మొదటి రెండు సంక్రాంతులకు నేను భయపడి చారన్నంతో సరిపెట్టుకున్నాను. మూడో ఏడు మొహమాటానికి పోయి అన్నీ తిని, కనుమ సాయంత్రం నుంచి మంచం పట్టాను. ఏ పూట ఏది తినాలో ముందే నిర్ణయించుకుని, ఆ మాట వంట మొదలుకాకముందే ఇంటివారి చెవిన వేయాలని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

ఈ జబ్బులో పేగుకు పుండు గానీ వాపు గానీ కనిపించదు, పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేసినా మామూలుగానే ఉంటుంది. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాల తీరు మారి, ఇతరులకు తెలియనైనా తెలియని కాస్త గాలి, కాస్త సాగుడు ఈ కడుపుకు నొప్పిగా తోస్తాయి. పండుగ భోజనం దాన్ని రెండు వేర్వేరు సమయాల్లో కదిలిస్తుంది. ఆహారం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం ఎవరికైనా సహజమే గాని, భోజనం ఎంత పెద్దదైతే, అందులో నూనె, నెయ్యి ఎంత ఎక్కువైతే ఆ కదలిక అంత బలంగా ఉంటుంది. తిన్న అరగంటకే పరుగెత్తవలసి వస్తే కారణం చాలావరకు ఇదే. ఇక కొన్ని రకాల చక్కెరలు చిన్నపేగులో సరిగా జీర్ణం కాకుండా నీటిని లాగుతూ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గాలి పుట్టిస్తాయి. దానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, సాయంత్రపు ఉబ్బరానికి మూలం చాలాసార్లు మధ్యాహ్నపు ఆకులోనే ఉంటుంది.

ఆ చక్కెరలన్నిటికీ కలిపి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే పేరు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు, పప్పుధాన్యాల్లో గెలాక్టాన్లు, పాలలో లాక్టోజ్ ఈ కోవలోకి వస్తాయి. బియ్యంలో ఇవి దాదాపు లేవు. వరి పండే నేల మీద పుట్టినవారికి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే మన పండుగ వంటల్లో సగం బియ్యంతోనే తయారవుతాయి.

ఈ లెక్కన పిండివంటలను చూస్తే వాటి మధ్య తేడా బాగా తెలుస్తుంది. బొబ్బట్టులో పైన మైదా, లోపల శనగపప్పు పూర్ణం కలిసి ఉంటాయి కనుక అన్నిటికంటే బరువైనది అదే. పూర్ణం బూరె, సున్నుండ, గారె పప్పు సరుకులు. అరిసె బియ్యప్పిండితో, బెల్లంతో చేసినదే గాని నూనెలో వేగినది కాబట్టి ఒకటితో ఆగడం మంచిది. ఆత్రేయపురం పూతరేకుల్లో జీడిపప్పు, పిస్తా కూరినవి కాకుండా, బియ్యపు రేకులో నెయ్యి, పంచదార మాత్రమే ఉన్న పాతకాలపు రకాన్ని అడిగి తీసుకోవాలి, జీడిపప్పులో, పిస్తాలో కూడా గెలాక్టాన్లు ఉంటాయి. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే, అయినా అది కొవ్వే. పరమాన్నం, పాలతాలికలు పాలు పడనివారికి ఇబ్బంది. పులిహోర మాత్రం ఆకులో మీ మిత్రుడు, పోపులోని శనగపప్పును పక్కకు నెట్టి నిశ్చింతగా తినవచ్చు. బోండం నీళ్లు మంచివని చేతికి ఇస్తారు, కానీ వాటిలో ఈ కోవకే చెందిన సార్బిటాల్ ఉంటుంది కాబట్టి కాయంతా ఒక్క బిగిన తాగవద్దు.

సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టుకునే ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి లేకుండానే వండుతారు. ఆ రోజు వంట ఈ కడుపుకు కొంత అనుకూలమైనదే. చిక్కు వచ్చేది కనుమ నాడు. నాటుకోడి మాంసంలో ఫాడ్‌మ్యాప్‌లు లేవు, అవి ఉండేది ఇగురులోని ఉల్లి ముద్దలో, వెల్లుల్లి ముద్దలో. మసాలా పడకముందే నాలుగు ముక్కలు విడిగా తీసి ఉప్పు, పసుపు, అల్లం, ధనియాల పొడి, మిరియాలతో వండి పెట్టమని అడగండి. చాలా ఇళ్లలో కారం తినని చిన్నపిల్లలకు ఎలాగూ అలా తీసిపెడతారు. కారం కూడా నొప్పిని రేపుతుంది కనుక ఆ వంట మీకూ మంచిదే.

వెల్లుల్లి వాసన లేనిదే వేపుడు వేపుడు కాదనేవారికి ఒక ఉపాయం ఉంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. మా మేనత్త నా కోసం బాండీలో నూనె కాగాక చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రేకలు వేసి, అంచులు ఎర్రబడగానే చిల్లుల గరిటెతో ఒక్క తునక మిగలకుండా తీసేసి, ఆ తరువాతే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, చివరికి బంగాళదుంప ముక్కలు వేస్తుంది. వాసన నూనెలో నిలుస్తుంది, బాధ పెట్టేది రేకతో పాటు బయటికి పోతుంది. ఇది పులుసులో కుదరదు, నీళ్లు పడ్డాక రేక తీసినా లాభం ఉండదు.

పూటకు ఒక్క బరువైన పదార్థం అన్నది నా నియమం. గారెలు తిన్న పూట బూరె ముట్టను, బూరె తిన్న పూట పప్పు వేయించుకోను. తినేవి రెండు గారెలే అయినప్పుడు అవి పొయ్యి దగ్గర నుంచి వేడివేడిగా, అంచు కరకరలాడుతున్నప్పుడే తినాలి, లేకపోతే ఆశ తీరక మరో రెండు అడుగుతాము. మధ్యాహ్నం భోజనం కోసం పొద్దుటి ఫలహారం మానేయడం మాత్రం పెద్ద పొరపాటు, ఖాళీ కడుపున పడిన పెద్ద భోజనమే పేగును ఎక్కువ కదిలిస్తుంది.

అసలు కష్టం వద్దని చెప్పడంలో ఉంది. గోదావరి జిల్లాల మర్యాదలో కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తు, వద్దంటే వంటను కాదన్నట్టు బాధపడతారు. అందుకని వారం ముందే ఫోను చేసి, తినలేనివాటితో ఆగకుండా తినగలిగినవి అడగాలి: “అత్తయ్యగారూ, డాక్టరు గారు పప్పు పిండివంటలు, ఉల్లి తగ్గించమన్నారండి. మీ చేతి పులిహోర, వేపుడు ఉంటే నాకు పండుగేనండి.” అడిగినది చేసిపెట్టే అవకాశం దొరికితే వడ్డించేవారి మనసు నిండుతుంది. ఆకులో ఖాళీ చోటు కనిపిస్తే మాత్రం వారి చెయ్యి ఆగదు. కాబట్టి పులిహోర చివరిదాకా కొంత ఉంచుకుని, నెమ్మదిగా తింటూ, అందరితో పాటు ఆకు మడవండి.

ఇరవై మంది బంధువులకు ఒకే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో, లోపల ఎవరున్నారోనన్న బెంగే పేగును కదిలిస్తుంది. అందరికంటే అరగంట ముందు లేస్తే ఆ బెంగ తగ్గుతుంది. భోగిమంట కోసం తెల్లవారుజామున లేచిన రోజున మధ్యాహ్నం కాసేపు పడుకోండి, నిద్ర చాలకపోతే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. భోజనమయ్యాక కాలువ గట్టున పావుగంట నడక ఉబ్బరానికి మేలు చేస్తుంది. డాక్టరు రాసిన మాత్రలు దగ్గర ఉంచుకోండి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి నిద్రలోంచి లేపినా, యాభై దాటాక ఈ బాధ కొత్తగా మొదలైనా ఐబీఎస్సే కదా అని ఊరుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి.

తిరుగు ప్రయాణంలో చేతికి వచ్చే డబ్బాలను ఇంటికి చేరగానే విడదీయండి. అరిసెలు, పూతరేకులు మీకు ఉంచుకుని రోజుకు ఒకటి చొప్పున తినండి. సున్నుండల డబ్బా ఆ సాయంత్రమే పక్కింటివారికి ఇచ్చేయండి, అందులోంచి ఒక్కటి మాత్రం మీకు తీసుకుని, కడుపు నెమ్మదించిన రోజున తినండి.