చిన్న పడవకు గట్టి కలప: పేరు చూసి కాదు, పలక చూసి కొనండి

కలప అడితికి వెళ్లి ‘పడవకు మంచి కలప కావాలి’ అని అడిగితే చాలామంది ముందుగా టేకు చూపిస్తారు. టేకు గొప్ప కలపే, కాదనను. అయితే పడవలో కలప చేసే పని ఒక్కటి కాదు. తెడ్డు ప్రతి లాగుకీ వంగి మళ్లీ తిన్నగా రావాలి. అంచుపట్టె ముక్కు నుంచి వెనుక దాకా వంపు తిరగాలి. చుక్కాని నీళ్లలో నానుతూ కూడా మెలి పడకూడదు. ఇన్ని పనులకూ ఒకే కలప సరిపోదు. సరిపోయే కలపలోనైనా ప్రతి పలకా పనికిరాదు. నేను ప్లైవుడ్ ఒంటికి గట్టి కలప అంచులూ మూలలూ బిగించి తెడ్ల పడవలు కట్టుకుంటాను. ఇలాంటి పడవకు పట్టే గట్టి కలప తక్కువే. అందుకే ఒక్కో పలకను తీరిగ్గా ఎంచుకునే వీలుంటుంది. ఆ వీలును వదులుకోవద్దు.

ముందు జాబితా

కొనడానికి బయలుదేరే ముందు పడవలోని గట్టి కలప ముక్కలన్నీ కాగితం మీద రాయండి. ఒక్కో ముక్క పక్కన నాలుగు సంగతులు ఉండాలి: చిత్రిక పట్టాక మిగలాల్సిన కొలత, అది వంగాలా వద్దా, ఎప్పుడూ తడిలో ఉంటుందా, దెబ్బలు తింటుందా. ఈ కాగితం చేతిలో ఉంటే అడితిలో ఎవరు ఏ పలక చూపినా, అది దేనికి పనికొస్తుందో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

పొడవు గురించి మొదట్లో అందరూ కంగారుపడతారు. అంచుపట్టెకు 4 మీటర్ల పలక ఎక్కడ దొరుకుతుందని నన్ను చాలామంది అడుగుతారు. అంత పొడవైన పలక అక్కర్లేదు. ఏటవాలు అతుకు వేస్తే చాలు. పట్టె మందానికి కనీసం 8 రెట్ల పొడవున రెండు చివర్లనూ వాలుగా కోసి ఎపాక్సీ జిగురుతో అంటించాలి. 20 మిల్లీమీటర్ల మందానికి వాలు 160 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ లెక్కన 2.1 మీటర్ల ముక్కలు రెండుంటే 4 మీటర్ల పట్టె తయారవుతుంది. బాగా వంగాల్సిన చోట వాలును 12 రెట్లకు పెంచండి. పొడవు కోసం నార బాగాలేని పలకను కొనడం కన్నా మంచి నార ఉన్న పొట్టి పలకలు రెండు కొని అతకడమే మేలు.

మందం సంగతి మాత్రం జాగ్రత్త. రంపం కోసిన 1 అంగుళం పలకను రెండు వైపులా చిత్రిక పడితే మిగిలేది సుమారు 20 మిల్లీమీటర్లే. లెక్క కట్టడం సులభం: అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో మందం గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి, 12తో భాగిస్తే బోర్డ్ ఫుట్‌లు (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కలప ఒక బోర్డ్ ఫుట్) వస్తాయి. 8 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న పలక 4 బోర్డ్ ఫుట్‌లు, అంటే ఘనపుటడుగులో మూడో వంతు. జాబితా మొత్తానికి ఇంకో 30 శాతం కలపండి. రంపపు పొడి, ముడులు, చివరి పగుళ్లు ఆ భాగాన్ని తినేస్తాయి.

ఏ పనికి ఏ కలప

గట్టిగా ఉన్న కలప కుళ్లదని అనుకోకండి. యాష్, బీచ్ అనే విదేశీ కలపలు రెండూ గట్టివే, కానీ తడి వదలని చోట త్వరగా కుళ్లిపోతాయి. మహాగని వాటికన్నా మెత్తన, అయినా ఎక్కువ కాలం ఉంటుంది. యూరప్ ప్రమాణాల్లో కలప మన్నికను 1 నుంచి 5 దాకా తరగతులుగా విభజించారు, 1 అన్నిటికన్నా మేలు. సహజ అడవుల టేకు 1వ తరగతి, యూరప్ ఓక్ 2, ఆఫ్రికా కలప సపీలీ 3, యాష్, బీచ్ 5. ఈ అంకెలన్నీ చేవకే, అంటే మాను లోపలి ముదురు కలపకే వర్తిస్తాయి. చేవ పట్టని పాలిపోయిన పైపొర ఏ చెట్టుదైనా కుళ్లేదే. టేకు పలక అంచున ఆ పొర కనిపిస్తే అంతమేర కోసి పారేయాలి. త్వరగా పెరిగిన తోటల టేకులో ఆ పొర ఎక్కువగా ఉంటుంది కనుక అంచులు మరింత శ్రద్ధగా చూడండి.

తెడ్లకూ చుక్కాని పిడికీ నేను యాష్ వాడతాను. దాని నార పొడవుగా సాగుతుంది, వంచితే విరగకుండా వంగుతుంది. అవి పని కాగానే ఒడ్డుకు వచ్చి ఆరిపోయే వస్తువులు, కాబట్టి కుళ్లు భయం తక్కువ. వార్నిష్ చెదరకుండా చూసుకుంటే చాలు. అడుగు దూలానికీ ముక్కు కర్రకూ వైట్ ఓక్ లేదా ఆఫ్రికా కలప ఇరోకో మంచివి. కూర్చునే బల్లల అంచులకూ పైకి కనిపించే పట్టెలకూ సపీలీ బాగుంటుంది. దాని నార కొన్నిసార్లు ఒక పొర ఇటు, ఒక పొర అటు వాలి ఉంటుంది. చూపుకు అందంగా ఉన్నా చిత్రిక కింద చిట్లుతుంది, కాబట్టి ఉలి, చిత్రిక చాలా పదునుగా ఉండాలి.

‘ఫిలిప్పీన్ మహాగని’ అన్న పేరుతో అమ్మేది అసలు మహాగని కాదు, మెరంటి లేక లావాన్ జాతులది. అందులోనూ మంచి పలకలుంటాయి, బరువు తేడాలు మాత్రం చాలా ఎక్కువ. ముదురు ఎరుపులో, చేతికి బరువుగా ఉన్నది తీసుకోండి. తేలికగా, లేత గులాబీ రంగులో ఉన్నదాన్ని పడవకు వాడకండి.

ఓక్ కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. వైట్ ఓక్, రెడ్ ఓక్ అడితిలో పక్కపక్కనే ఉంటాయి, రంపం కోసిన మురికి పలకల మీద రంగు చూసి తేడా చెప్పడం కష్టం. పలక చివర నుంచి చేవ ఉన్న చోట రెండు అంగుళాల ముక్క కోయించండి. ఒక కొనకు సబ్బు నీళ్లు రాసి, రెండో కొనను పెదవులకు ఆనించి గట్టిగా ఊదండి. రెడ్ ఓక్ అయితే అవతల బుడగలు లేస్తాయి, ఎందుకంటే దాని నాళాలు తెరిచి ఉంటాయి. వైట్ ఓక్ చేవలో నాళాలను చెట్టే లోపలి నుంచి పెరిగిన కణాలతో మూసేస్తుంది, అందుకే గాలి పోదు. నీళ్లూ అంత తేలిగ్గా పోవు. పీపాలకు వైట్ ఓక్ వాడటానికి కారణం ఇదే. రెడ్ ఓక్‌ను పడవలో తడి తగిలే ఏ చోటా వాడవద్దు.

ఓక్‌లో టానిన్లు (వగరు పదార్థాలు) ఎక్కువ. ఇనుప మేకు తగిలిన చోట నల్లటి మరక పడుతుంది, మేకూ తుప్పు పడుతుంది. సిలికాన్ కంచు మరలు వాడండి. సముద్రపు నీటిలో ఇత్తడి నుంచి జింకు కరిగిపోయి మర పెళుసుగా మారుతుంది, అందుకని ఇత్తడి వద్దు.

పలకను చదవడం

అడితికి వెళ్లేటప్పుడు నా సంచిలో టేపు, చిన్న చిత్రిక, తడి గుడ్డ, తేమ మీటరు, ఇంకు పెన్ను ఉంటాయి. యజమానిని ముందే అడిగి పలక మూలన ఒక్క పొర చిత్రిక పడతాను. వెంటనే ఆ చోట తడి గుడ్డతో తుడుస్తాను. దుమ్ము కింద దాగిన రంగు, నార, సన్నని పగుళ్లు ఒక్కసారిగా బయటపడతాయి. వార్నిష్ వేశాక పలక ఎలా ఉంటుందో ఆ తడి మచ్చే చెబుతుంది.

తరువాత పలక కొన చూడండి. వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉంటే అది తేమ మారినా పెద్దగా కదలదు. ముఖంతో సమాంతరంగా ఒంపు తిరిగి ఉంటే పలక మధ్యలో గుంట పడి అంచులు పైకి లేస్తాయి. కలప వలయాల వెంబడి కుంచించుకుపోయేది, వాటికి అడ్డంగా కుంచించుకుపోయే దానికి సుమారు రెట్టింపు కావడమే ఇందుకు కారణం. చుక్కానికి, మధ్య రెక్కకు (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలకకు) నిలువు వలయాలున్న పలకే వెతకండి. దొరకకపోతే సన్నని పట్టెలుగా కోసి, వాటిని ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా తిప్పి అంటించండి.

నార దిశ అన్నిటికన్నా ముఖ్యం. పలక ముఖం మీద కనిపించే అందమైన గీతలు వలయాలవి, వాటిని చూసి నార తిన్నగా ఉందనుకోకండి. అసలు నారను సన్నని ఎండు పగుళ్లు చూపిస్తాయి. పగుళ్లు లేకపోతే చిత్రిక పట్టిన చోట ఒక ఇంకు చుక్క పెట్టండి. అది నార వెంబడే పాకి చిన్న గీతగా సాగుతుంది. ఆ గీతను ముఖం మీదా, పక్క అంచు మీదా చూడాలి. 15 అంగుళాల పొడవులో నార 1 అంగుళం కన్నా ఎక్కువ పక్కకు జారితే ఆ పలకను తెడ్డుకూ వంగాల్సిన అంచుపట్టెకూ నేను తీసుకోను. బల్లకో, పొట్టి దిమ్మెకో పనికొస్తుంది.

దుంగ నడిమి బెండు కనిపించే పలక వద్దు, అది ఎండుతూ చీలుతుంది. చివర్లలో పగులు ఎంత లోపలికి పోయిందో చూడాలంటే ఒక అంగుళం కోయించి, కోసిన ముఖాన్ని తడిపి చూడండి. చివరగా పలక ఒక కొనను కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. ఒక వైపు నిదానంగా వంగి ఉంటే ఫరవాలేదు, అంచుపట్టె ఎలాగూ వంగాల్సిందే. మెలి తిరిగి ఉంటే మాత్రం తిరిగి దొంతిలో పెట్టేయండి.

తేమ

ఎపాక్సీతో అంటించే కలపలో తేమ 12 శాతం దగ్గర ఉంటే మంచిది. సామాను పనికి బట్టీలో 6 నుంచి 8 శాతానికి ఎండబెట్టిన కలప నీళ్ల దగ్గరికి రాగానే ఉబ్బుతుంది, కాబట్టి కోయకముందు కొన్ని వారాలు బయటి గాలి తగిలేలా ఉంచండి. ఆవిరి పట్టి వంచే ముక్కలకు బట్టీలో ఎండినది వద్దు. ఒకసారి బట్టీ వేడికి ఎండిన నార మళ్లీ అంత సులువుగా లొంగదు, వంచుతుంటే పుటుక్కున విరుగుతుంది. గాలికి ఆరినదే అడగండి. ఆవిరి పట్టడానికి అంగుళం మందానికి గంట, గాలికి ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అన్నవి పాత లెక్కలు. ఇప్పటికీ పనికొస్తాయి.

తేమ మీటరు లేకపోతే వంటింటి తూకం చాలు. పలక కొన నుంచి ఒక అడుగు లోపలికి చిన్న ముక్క కోసి తూచండి. 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగే దాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. రెండు తూకాల తేడాను ఎండు బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం వస్తుంది. 112 గ్రాములు 100 గ్రాములైతే తేమ 12 శాతం.

ఎక్కడ వెతకాలి

పెద్ద అడితిలో పొడవైన పలకలు దొరుకుతాయి. మిగిలిన వాటికి నాకు ఇష్టమైన చోటు మెట్లు, తలుపులు చేసే వడ్రంగి కార్ఖానా. వాళ్లకు పనికిరాని మీటరు, మీటరున్నర ముక్కలే పడవ పనిలో సగానికి సరిపోతాయి. అవి ముడులు లేని, బాగా ఎండిన ముక్కలు. మర్యాదగా అడిగి, వాళ్ల పని ఆగకుండా ఎంచుకుంటే మళ్లీ మళ్లీ రానిస్తారు.

మూలల్లో బిగించే వంకర ముక్కలకు చెట్లు కొట్టేవాళ్లను పట్టుకోండి. కొమ్మ మానును కలిసే పంగ దగ్గర నార దానంతట అదే వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును అలాగే కోసుకుంటే తిన్నని పలక నుంచి కోసిన ముక్క కన్నా ఎంతో బలంగా ఉంటుంది. పచ్చి పంగ దొరికిన రోజే దాని చివర్లకు మందంగా రంగో మైనమో పూయండి, లేకపోతే వారంలోపే బీటలు వారుతుంది.

పాత కలప నిధి లాంటిది. పాత ప్రయోగశాల బల్లలు, కూల్చిన ఇళ్ల తలుపులు, దూలాలు దశాబ్దాలుగా ఎండినవి. రంపం పెట్టకముందు అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి మేకులన్నీ తీయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు, దాన్ని గీకి దుమ్ము లేపకండి. రసాయనాలు ఎక్కించిన కలప వద్దు.

అసలు మహాగని కావాలనుకుంటే కాగితాలు అడగండి. పెద్దాకు మహాగని 2003 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అంటే దేశం దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని కలపను నేను కొనను. ఆ అడవులు అలా నరికినందువల్లే తరిగిపోయాయి.

ఇంటికి తెచ్చాక

పలకలను నేల మీద పెట్టకండి. ఒకే మందం ఉన్న చిన్న కర్రముక్కలను అర మీటరుకు ఒకటి చొప్పున పలకల మధ్య పెట్టి, అవన్నీ ఒకదాని మీద ఒకటి వరుసగా వచ్చేలా పేర్చండి. కింద ఒకచోట, పైన ఒకచోట పెడితే పలక ఆ ఖాళీలోకి వంగుతుంది. ఎండ పడని, గాలి ఆడే చోటు ఎంచుకోండి. ఒక పలకను వారానికోసారి తూచి రాయండి. బరువు మారడం ఆగితే కోత మొదలుపెట్టవచ్చు. పొడవైన ముక్కలను ముందు కోయండి. టేకు, ఇరోకో, సపీలీ పొడి గొంతునూ చర్మాన్నీ బాధిస్తుంది, ముసుగు లేకుండా సాన పట్టకండి.

కోతలో మిగిలిన ముక్కలు రెండు తీసుకుని, పడవకు వాడబోయే జిగురుతోనే అంటించి చూడండి. టేకులో నూనె ఉంటుంది, అంటించే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు పూయాలి. పూర్తిగా గట్టిపడ్డాక బిగింపులో పెట్టి సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. కలప చీలితే అతుకు బాగుంది. జిగురు గీత వెంబడి నున్నగా ఊడివస్తే, తుడిచే తీరో జిగురో మార్చి ఇంకో జత ముక్కలతో మళ్లీ పరీక్షించండి. వైట్ ఓక్ కూడా జిగురుకు మొండికేసే కలపే కనుక దానికీ ఈ పరీక్ష చేయాలి.