టీ ఫ్లాస్కు, ఒక్క బొమ్మ, యాభై నిమిషాలు: పరిశోధక విద్యార్థుల సైన్సు కబుర్లు నడిపే పద్ధతి

సెమినార్ అంటే ఎలా ఉంటుందో పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాదే తెలిసిపోతుంది. బ్యానరు, పూలగుచ్ఛం, వేదిక మీద పెద్దలు, నలభై స్లైడ్లు, వందన సమర్పణ. ప్రశ్నలకి మిగిలే రెండు నిమిషాలూ ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకే సరిపోతాయి. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో గానీ, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలో గానీ, గిరిజన విశ్వవిద్యాలయంలో గానీ పరిశోధన చేస్తున్నవాళ్ళు సైన్సు గురించి నోరారా మాట్లాడుకోవాలంటే వేరే ఏర్పాటు చేసుకోవాల్సిందే. వారానికోసారి కూర్చునే చిన్న జట్టు చాలు. పైకి కబుర్లలా ఉండాలి, లోపల మాత్రం కట్టుబాటు ఉండాలి. "ఊరికే కలుద్దాం రండి" అని మొదలెట్టిన జట్లు నాలుగో వారానికల్లా క్రికెట్లోకో, గ్రూప్-1 నోటిఫికేషన్లోకో జారిపోతాయి.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ

ఐదుగురి నుంచి ఎనిమిది మంది. అంతకన్నా తక్కువైతే ఒకరు రాకపోయినా బోసిపోతుంది. పది దాటితే ఎవరో ఒకరు లేచి పాఠం మొదలెడతారు, మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు. ఒకే సబ్జెక్టు వాళ్ళు ముగ్గురికి మించొద్దు. అందరూ కెమిస్ట్రీ వాళ్ళే అయితే "అది తెలిసిందేగా" అని అసలు సంగతి దాటేస్తారు. జువాలజీ అమ్మాయో ఎకనామిక్స్ అబ్బాయో "ఆ గీత ఎందుకు పైకెళ్ళింది?" అని అడిగితే తప్ప ఆ తెలిసిందేమిటో బయటపడదు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవాళ్ళని తప్పకుండా పిలవండి. అర్థం కానివాళ్ళకి చెప్పడం వాళ్ళకి రోజూ పనే.

సాయంత్రం నాలుగున్నరకి మొదలెట్టి అయిదూ ఇరవైకి లేవండి. రాజాం, పాలకొండ, నరసన్నపేట వైపు వెళ్ళేవాళ్ళు బస్సు చూసుకోవాలి, అమ్మాయిలకి హాస్టల్ టైము ఉంటుంది. ఏడు గంటలకి పెట్టుకున్న జట్టు నెల తిరక్కుండా మగపిల్లల జట్టు అవుతుంది, ఆ తర్వాత "అమ్మాయిలకి ఆసక్తి లేదండీ" అన్న మాట కూడా వినిపిస్తుంది. శనివారం వద్దు. ఊరెళ్ళేవాళ్ళు మధ్యాహ్నమే బండెక్కేస్తారు. బుధవారమో గురువారమో మేలు.

సెమినార్ హాలు మాత్రం తీసుకోకండి. అక్కడ పోడియం ఉంటుంది, పోడియం ఉంటే ఎవరో ఒకరు దాని వెనక నిలబడతారు. గేటు బయట టీ కొట్టు బాగానే ఉంటుంది గానీ, నాలుగున్నరంటే కాలేజీలు వదిలే వేళ. బెంచీలన్నీ మీరు పట్టుకుంటే కొట్టాయన బేరం పోతుంది. లీటరు ఫ్లాస్కులో టీ పోయించుకుని చెట్టు కింద గుండ్రంగా కూర్చోండి. చిన్న కప్పులతో పదిమందికి వస్తుంది. డబ్బు సంగతి మొదటి రోజే తేల్చేయండి. సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్ళకి నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఫెలోషిప్ లేనివాళ్ళకి ఏమీ రాదు. ఇద్దరూ ఒకే జట్టులో కూర్చుంటారు. "ఈవారం పార్టీ నీదే" అనే అలవాటు వచ్చిందంటే చేతిలో డబ్బు లేనివాళ్ళు ఏదో వంక చెప్పి మానేస్తారు. ఎవరి టీ డబ్బు వాళ్ళదే.

పేపరు వద్దు, ఒక్క బొమ్మ చాలు

ఇదే అసలు కీలకం. పన్నెండు పేజీల పేపరు చదివి రమ్మంటే ఇద్దరు చదువుతారు, ముగ్గురు అబ్‌స్ట్రాక్ట్ చూస్తారు, మిగతావాళ్ళు తలూపుతారు. అలా కాకుండా ఆ పేపర్లోంచి ఒకే ఒక గ్రాఫు తీసుకోండి. ఏ4 కాగితం మీద పెద్దగా, ఇద్దరికొకటి చొప్పున ప్రింటు తీయండి. కింద ఉన్న వివరణ వాక్యాన్ని వెనక్కి మడిచేయండి. పేపరు పేరూ, రచయితల పేర్లూ, జర్నల్ పేరూ ముందే చెప్పొద్దు. పెద్ద జర్నల్ పేరు వినగానే జనం తప్పులు వెతకడం మానేస్తారు.

మొదటి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఇది కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా వదలొద్దు. తర్వాత అందరికన్నా జూనియర్ మొదలెట్టాలి: అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, యూనిట్లేమిటి, సున్నా దగ్గర మొదలైందా లేదా. "ఏం కనిపిస్తోంది" అన్నదే తప్ప "ఏం అర్థమైంది" అని అడగొద్దు. అర్థమైందా అంటే ఎవరైనా ఆ అనే అంటారు. పదిహేను నిమిషాలయ్యాక మడత విప్పి, రచయితలు ఏమన్నారో చదివి, మీరు చూసినదానితో పోల్చండి.

ఎక్కువగా తగాదా వచ్చేది ఎర్రర్ బార్ల దగ్గర, అంటే కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించే నిలువు గీతల దగ్గర. ఇక్కడ తొందరపడొద్దు, ఒక లెక్క వేసి చూడండి. మూడు శాంపిళ్ళ కొలతలకి స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 6 వచ్చిందనుకోండి. స్టాండర్డ్ ఎర్రర్ (సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) కావాలంటే దాన్ని 3 వర్గమూలంతో, అంటే 1.73తో భాగించాలి. 3.5 వస్తుంది. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఉండొచ్చని నమ్మే పరిధి) కావాలంటే ఆ 3.5ని 4.3తో గుణించాలి. శాంపిళ్ళు మూడే కాబట్టి స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఉండే టీ-పట్టికలో ఆ విలువ అంత పెద్దగా ఉంటుంది. దాదాపు 15 వస్తుంది. డేటా ఒక్కటే. బొమ్మ మీద బారు మాత్రం 3.5 అయినా కావచ్చు, 6 అయినా కావచ్చు, 15 అయినా కావచ్చు. చాలామంది పొట్టి బారునే ఎందుకు పెడతారో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని బారు కనపడగానే రెండు ప్రశ్నలు వేయండి: ఇది మూడింట్లో ఏది? ఎన్, అంటే శాంపిళ్ళ సంఖ్య, ఎంత? ఆ రెండూ బొమ్మ కింద రాసి లేకపోతే, ఆ రోజు మాట్లాడుకోవడానికి అదే చాలు. ఎన్ మూడు అంటే మూడు వేరు వేరు మొక్కలా, ఒకే మొక్కని మూడుసార్లు కొలిచారా అన్నది మర్చిపోకండి. రెండో రకం చూపించేది పరికరం నిలకడనే. మొక్కల గురించి అది ఏమీ చెప్పదు.

పేపరు లేని వారం

నెలకోసారి ఊళ్ళో సంగతే తీసుకోండి. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి బాగా పండుతుంది. మార్చి 9–11, అక్టోబరు 1–3 ప్రాంతంలో పొద్దుటి కిరణాలు గర్భగుడిలో స్వామి పాదాల దాకా వస్తాయి. ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ తేదీలే ఎందుకు అని అడగండి. క్యాలెండరు ముందు పెట్టుకుని డిసెంబరు 21 నుంచి రెండు వైపులా రోజులు లెక్కపెట్టమనండి. వెనక్కి అక్టోబరు 2కి 80 రోజులు, ముందుకి మార్చి 10కి 79. రెండు తేదీల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి) దాదాపు 4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడు. దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి అదే చోటు నుంచి ఉదయిస్తాడు. ఆ రోజుల్లో ఉదయించే చోటు రోజుకి 0.4 డిగ్రీలు జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. కాబట్టి మూడు రోజులు దాటితే కిరణం గురి తప్పుతుంది. ఇక ఒక్క పది నిమిషాల్లో సూర్యుడు రెండు డిగ్రీలకి పైగా పైకెక్కుతాడు, అందుకే ఆ దృశ్యం కొద్ది నిమిషాలే. అక్టోబరులో మబ్బు పడితే అదీ లేదు.

ఇక్కడ రెండు చోట్ల బండి దారి తప్పుతుంది. ఒకటి, ఎవరో ఒకరు భక్తి మీద వాదన లేవదీస్తారు. "అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు కోణం చెప్పండి" అని తెంపేయండి. లేకపోతే ఆ సాయంత్రానికి సైన్సు అయిపోయినట్టే. రెండు, ఫోన్‌లో దిక్సూచి తీసి తూర్పు చూపిస్తారు. పక్కన బైకు గానీ ఇనప గేటు గానీ ఉంటే అది తప్పు చూపిస్తుంది.

బొబ్బిలి వీణ కూడా మంచి విషయమే. పనస కర్రలో తొలిచిన కాయ, మెట్ల కింద మైనం, తీగలు ఆనే వంపు తిరిగిన గుర్రం (బ్రిడ్జి). మన వాయిద్యాల గుర్రం వంపు వల్ల, తీగని ఎక్కడ మీటినా స్వరాంశాలు (హార్మోనిక్స్) గట్టిగా వినిపించడాన్ని సి.వి.రామన్ 1921లో రాశారు. తీగని సరిగ్గా మధ్యలో మీటితే సరిసంఖ్య స్వరాంశాలు రాకూడదని పుస్తకాల్లో చదువుకున్నాం కదా, వీణ దగ్గర అది నిలవదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఉంటే చెట్టు కిందే పరీక్షించొచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మాత్రం జాగ్రత్తగా ఎత్తుకోవాల్సిన విషయం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు నుంచి వచ్చిన స్కాలరు ఇంట్లో డయాలసిస్ మీద ఎవరైనా ఉండొచ్చు. ముందు అడగండి, వద్దంటే మానేయండి. మొదలెడితే, ఎవరేమన్నా ఆ మాటకి మూడు ముద్రల్లో ఒకటి వేయాలి: కొలిచారు, చూశారు, అనుకుంటున్నారు. నీళ్ళలో సిలికా, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ పరిశీలనలో ఉన్న అనుమానాలే. కారణం ఇదీ అని తేలలేదు. "నీళ్ళే కారణం" అని ఎవరైనా అంటే "ఏ ముద్ర?" అని అడగండి చాలు. ఇంకో పొరపాటు, ఒక్క క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) రిపోర్టు చూసి జబ్బు అనేయడం. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం అంచనా) 60 కన్నా తక్కువగా ఉండడం గానీ, మూత్రంలో ప్రోటీన్ లాంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తు గానీ మూడు నెలలైనా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒంట్లో నీరు తగ్గినా, ముందు పూట మాంసం తిన్నా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. ఎవరి రిపోర్టు ఫోటోలూ గ్రూపులో పెట్టొద్దు.

మాట తీరు

సీనియర్ ఆఖర్న మాట్లాడాలి. ఐదో ఏడాది అన్న మొదటే "అది ఆర్టిఫాక్ట్" (అంటే నిజం కాదు, కొలిచే పద్ధతి వల్ల వచ్చింది) అనేస్తే రెండో ఏడాది తమ్ముడు ఇంక నోరు విప్పడు. అలాంటివాళ్ళకి టైము చూసే పని అప్పగించండి, చేతిలో పని ఉంటే మాట తగ్గుతుంది. తెలుగులోనే మాట్లాడండి, పదాలు ఇంగ్లీషువైనా ఫర్వాలేదు. పలికే తీరుని ఎవరూ దిద్దకూడదు. "ఏటన్నా, ఈ లాగ్ స్కేలు నాకు ఎక్కలేదు" అని అడగగలిగిన చోటే నిజమైన ప్రశ్నలు వస్తాయి. మడత మాటలొద్దు. "మీ మెథడ్ ఇంకా బాగుండొచ్చు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "కంట్రోల్ గ్రూపుకి కూడా అదే నీళ్ళు పోశారా అక్కా?" అని అడగండి. తప్పుంటే అదే బయటికొస్తుంది.

గైడ్‌ని పిలవాలా? నాలుగైదు వారాలు ఆగి, ఒక్కరోజు పిలవండి. ఆయన వస్తే అందరూ లేచి నిలబడతారు, కుర్చీ వేస్తారు, ఆ రోజు సెమినారే అవుతుంది. అయినా ఒకసారి రావడం మంచిది, మీరు దాచుకునేదేమీ లేదని తెలుస్తుంది. మీ ల్యాబులో ఇంకా అచ్చు కాని ఫలితాలు మాత్రం గైడ్‌ని అడక్కుండా బయట పెట్టకండి. పద్ధతి గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. అంకెలు వద్దు.

ఆఖరి పదిహేను నిమిషాలు: మన బాధలు

గైడ్, స్టైపెండు, రివ్యూలు, పెళ్ళి సంబంధాల వాళ్ళు అడిగే "ఇంకా ఎన్నాళ్ళు?" ఇవి ఆపితే ఆగవు. అందుకే చివర్న పెట్టండి, ముందు పెడితే మొత్తం మింగేస్తాయి. పేర్లు చెప్పకూడదు, రికార్డు చేయకూడదు, వాట్సాప్ గ్రూపులో ఈ మాటలు రాయకూడదు. స్క్రీన్‌షాట్ ఎక్కడికైనా వెళ్ళగలదు.

బాధని ప్రశ్నగా మార్చడం నేర్చుకోవాలి. "మా సార్ రెండు పేపర్లు లేకపోతే సబ్మిట్ చేయనివ్వరట" అని ఎవరైనా అంటే, రూలు చూడండి. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపరు అచ్చవ్వాలన్న షరతు లేదు, అయితే విశ్వవిద్యాలయం తన నియమాల్లో పెట్టుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం ఆర్డినెన్స్ తెచ్చి అందరూ చదవండి. అదే నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. మహిళలకి అదనంగా రెండేళ్ళ సడలింపు, మొత్తమ్మీద 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకి ప్రతి సెమిస్టరూ వెళ్ళాలి. ఒకరికి కమిటీ తేదీ పడిందంటే ముందువారం వాళ్ళనే చెట్టు కింద పది నిమిషాలు చెప్పమనండి, స్లైడ్లు లేకుండా.

జర్నళ్ళ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. "కేర్ లిస్టులో ఉంది" (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ జాబితాలో ఉంది) అన్న మాట ఇప్పుడు చెల్లదు, 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితా నడపడం మానేసింది. వారంలో యాక్సెప్టెన్స్ ఇస్తామని మెయిల్ వస్తే అనుమానించండి. ఎడిటర్ల పేర్లు పట్టుకుని వాళ్ళ విశ్వవిద్యాలయం పేజీలో వాళ్ళు ఆ సంగతి రాసుకున్నారో లేదో చూడండి, రెండేళ్ళ కిందటి సంచికల డీఓఐలు (ఒక్కో పేపరుకి ఇచ్చే శాశ్వత లింకులు) తెరుచుకుంటున్నాయో లేదో నొక్కి చూడండి. ఇద్దరు కూర్చుంటే పది నిమిషాల పని.

లేచేముందు వచ్చేవారం బొమ్మ ఎవరు తెస్తారో పేరు తేల్చండి. రెండు రోజుల ముందు అది గ్రూపులో పడాలి, పడకపోతే ఆ వారం రద్దు. బతిమాలొద్దు. పరీక్షల నెలా, అక్టోబరు, నవంబరు తుపాను రోజులూ ఎలాగూ పోతాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఎప్పుడైనా ఇద్దరే వస్తే వాయిదా వేయకండి. బొమ్మ మడత విప్పకుండానే యాభై నిమిషాలు గడిచిపోవడం ఇద్దరున్నప్పుడే ఎక్కువ.