ఆన్‌లైన్ కోర్సుకి కంటెంట్ ఎలా ప్లాన్ చేయాలి? (రికార్డ్ బటన్ నొక్కకముందే చేయాల్సిన పని)

కాలేజీలో "మీ సబ్జెక్ట్‌కి ఆన్‌లైన్ కోర్సు చేయండి" అనగానే మనం చేసేది ఏంటంటే పాత పీపీటీ తీసి, ఫోన్ స్టాండ్‌కి పెట్టి, క్లాసులో చెప్పినట్టే గంటసేపు చెప్పేయడం. నేనూ అదే చేశా, మొదటి వీడియో 52 నిమిషాలు, ఎవరు ఎంతవరకు చూశారా అని తర్వాత చూస్తే చాలామంది ఆరేడు నిమిషాలకే ఆపేశారు. అందుకే ఇప్పుడు తిరగేసి చేస్తున్నా, ముందు పరీక్ష, చివర్లో వీడియో.

బీకాం ఫస్టియర్ అకౌంటింగ్‌లో బీఆర్ఎస్ తీసుకుందాం (పార్టీ కాదండోయ్, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక, అంటే మన లెక్కకీ బ్యాంకు లెక్కకీ తేడా ఎందుకొచ్చిందో చూపేది).

ముందు, ఈ టాపిక్ అయ్యాక స్టూడెంట్ ఏం చేయగలగాలో ఒక్క వాక్యంలో రాయండి. "అర్థం చేసుకుంటాడు" అని రాయొద్దు, అర్థమైందో లేదో మనకెలా తెలుస్తుంది? "క్యాష్‌బుక్ (మన లెక్క), పాస్‌బుక్ (బ్యాంకు లెక్క) పక్కపక్కన పెడితే తేడాలు పట్టుకుని పట్టిక వేయగలగాలి" అని రాస్తే చెక్ చేయొచ్చు.

వెంటనే క్విజ్ ప్రశ్న రాసేయండి. క్యాష్‌బుక్ నిల్వ 10,000, మనం ఇచ్చిన 2,000 చెక్కు ఇంకా బ్యాంకులో ప్రెజెంట్ కాలేదు, బ్యాంకు ఛార్జీలు 100 మనం రాసుకోలేదు, పాస్‌బుక్ నిల్వ ఎంత? జవాబు 11,900. కానీ అసలు పని తప్పు జవాబుల్లో ఉంది. 7,900 పెట్టినవాడు చెక్కుని తీసేశాడు, 12,100 పెట్టినవాడు ఛార్జీల్ని కూడా కలిపేశాడు. 7,900 నొక్కితే ఉత్తినే "తప్పు" అని చూపించకుండా "చెక్కు ఇంకా బ్యాంకుకి చేరనే లేదు కదా, బ్యాంకు ఎందుకు తగ్గిస్తుంది?" అని రావాలి. ఇలా తప్పులు రాసుకుంటూ పోతే ఏ వీడియోలు కావాలో వాటంతట అవే తేలతాయి, ఒక్కో తప్పుకి ఒక్కో చిన్న వీడియో.

తర్వాత వారాలు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సులు 4, 8, 12 వారాలవి ఉంటాయి, మీది ఎన్ని వారాలైనా "యూనిట్‌కి రెండు వారాలు" అని సమానంగా కోసేయకండి, బీఆర్ఎస్ లాంటివి టైమ్ తింటాయి, నిర్వచనాల యూనిట్ మూడు రోజుల్లో అయిపోతుంది.

"స్వయం" (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సులకి నాలుగు భాగాలు ఉండాలంటారు: వీడియో, చదువుకునే మెటీరియల్, చర్చ, అసెస్‌మెంట్. మనోళ్లు మొదటిదానికే ప్రాణం పెట్టి రెండోదానికి ఎవరివో పాత నోట్సు స్కాన్ చేసి పడేస్తారు. అది కాపీరైట్ గొడవ, పైగా ఫోన్‌లో కనపడి చావదు. మీ పట్టికని మీ ఫోన్‌లోనే తెరిచి చెయ్యి చాచి చూడండి, అంకెలు కనపడకపోతే నాలుగు కాలమ్‌ల పట్టికని రెండుగా విడగొట్టాల్సిందే.

ఇప్పుడు స్క్రిప్ట్. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 6 నిమిషాల్లోపు వీడియోలనే స్టూడెంట్స్ బాగా చూశారని తేలింది, అందుకని నేను స్క్రిప్ట్ పైకి చదివి టైమర్ పెట్టుకుంటా, ఆరు దాటితే కత్తిరిస్తా. "హలో స్టూడెంట్స్, లాస్ట్ క్లాస్‌లో మనం..." అనే మొదటి నిమిషం ఎలాగూ దండగే.

రికార్డింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాలర్ మైక్ కొనండి, ఫ్యాన్ ఆపండి, వంటింట్లో కుక్కర్ లేని టైమ్ చూసుకోండి.

మొత్తం కోర్సు రికార్డ్ చేయకముందే ఒక్క వారం కంటెంట్ ఒక స్టూడెంట్‌కి ఇచ్చి పక్కన కూర్చోండి, నోరు మాత్రం మెదపొద్దు. నేనలా కూర్చుంటే ఆ అబ్బాయి మూడో నిమిషం దగ్గర రెండుసార్లు వెనక్కి జరిపాడు. ఏంట్రా అంటే "సార్, చెక్కు ప్రెజెంట్ చేయడం అంటే ఏంటి?" అన్నాడు. వాడు జన్మలో చెక్కు చూడలేదు, అంతా ఫోన్‌పేనే. వీడియో మళ్లీ తీశా, ఈసారి చేతిలో ఒక చెక్కు పట్టుకుని.