డర్ట్ బైక్ ముందు బ్రేకు మెత్తబడితే: కారణం లివరే చెబుతుంది

వానాకాలంలో తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి దారుల్లో వాగులు దాటి వచ్చిన బండికి ముందు బ్రేకు లివర్ స్పాంజిలా మెత్తగా తగలడం, ఒక్కోసారి గ్రిప్‌కు ఆనేదాకా వచ్చేయడం మనలో చాలామందికి ఎదురైన అనుభవమే. వెంటనే హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా మూత తీసి బ్రేకు ఆయిల్ పోసినంత మాత్రాన అది బాగుపడదు. ఆయిల్ తగ్గిందంటే డిస్కును పట్టే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. అందుకని పానా పట్టేముందు, బండిని నిలిపి లివర్‌ను వరుసగా నాలుగైదు సార్లు నొక్కి, అది ఎలా స్పందిస్తున్నదో గమనించాలి.

నొక్కేకొద్దీ గట్టిపడి, కాసేపు వదిలేస్తే మళ్ళీ మెత్తబడితే, లైనులో గాలి పట్టిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. చేతి బలమంతా ప్యాడ్లకు చేరకుండా ఆ బుడగ దగ్గరే ఖర్చవుతుంది. గాలి తీయడానికి హ్యాండిల్‌ను తిప్పి డబ్బా సమతలంగా ఉండేలా చూసుకుని, ట్యాంకుపై తడిగుడ్డ కప్పాలి, ఎందుకంటే ఈ ఆయిల్ రంగును తినేస్తుంది. క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మీది నిపుల్‌కు, అంటే గాలి తీసే చిన్న మరకు, పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లివర్‌ను నొక్కి పట్టి, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేసి, లివర్ వదలడానికి ముందే బిగించాలి. మొదట పెసరగింజంత బుడగలు వస్తాయి, తరువాత నువ్వుగింజంతవి. అవి కూడా ఆగేవరకు చేయాలి, మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకూడదు. చివరి బుడగ తరచుగా పైన, మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) బోల్టు దగ్గర దాక్కుంటుంది; లివర్‌ను గ్రిప్‌కు తాడుతో కట్టి రాత్రంతా ఉంచితే అది చాలాసార్లు డబ్బాలోకి తేలిపోతుంది. ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో దాని మాడ్యులేటర్ పెట్టె లోపల గాలి చిక్కుకుంటే వర్క్‌షాపులోని స్కానర్‌తోనే తీయవలసి రావచ్చు.

గాలి తీసిన వారానికే మళ్ళీ పడితే, అది ఎక్కడినుంచి వస్తున్నదో వెతకకుండా మళ్ళీ మళ్ళీ తీయడం వృథా శ్రమ. పాకాల నుంచి నర్సంపేటకు తిరిగి వస్తున్నప్పుడు నా బండికి ఇదే జరిగింది. రెండుసార్లు గాలి తీయించాక, హోస్ (బ్రేకు ఆయిల్ గొట్టం) బోల్టు కింద పాత రాగి వాషర్లనే తిరిగి వేసి ఉన్నట్టు, వాటి అంచున తడి మట్టి పట్టి ఉన్నట్టు కనిపించింది. ఆ బోల్టును విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్లు వేయాలి.

లివర్‌ను గట్టిగా నొక్కి పట్టినప్పుడు అది మెల్లమెల్లగా లోపలికి దిగిపోతుంటే, పైకి ఎక్కడా కారకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళు అరిగాయని అర్థం. సీల్ కిట్ గానీ, మొత్తం మాస్టర్ సిలిండర్ గానీ మార్చడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

నిలిపి ఉన్నప్పుడు బాగానే ఉండి, గుంతల్లో తిరిగాక తొలి నొక్కుకు లోతుగా దిగి రెండో నొక్కుకు సరిగ్గా పడితే, గాలిని అనుమానించనవసరం లేదు. రాయి తగిలి వంగిన డిస్కు గానీ, వదులైన చక్రం బేరింగులు గానీ ప్యాడ్లను వెనక్కి నెడుతున్నాయి. చక్రాన్ని పైకి లేపి తిప్పి, డిస్కు ఊగుతున్నదేమో చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, మే ఎండలో పదేపదే పట్టాక మెత్తబడేది పాత ఆయిల్ వల్ల. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు; తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగవచ్చు, అప్పుడు పుట్టే ఆవిరి గాలిలాగే పనిచేస్తుంది. రెండేళ్ళకోసారి, బురదలో ఎక్కువ తిరిగేవారు ఏడాదికోసారి, డబ్బా మూతపై రాసి ఉన్న రకాన్నే కొత్త సీసా నుంచి పోయాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను అందులో కలపనే కూడదు.

ఇవేవీ కాకపోతే ఒకరు లివర్ నొక్కుతుండగా మరొకరు రబ్బరు హోస్‌ను అరచేతిలో పట్టుకోవాలి. ఉబ్బు చేతికి తెలిస్తే హోస్ మార్చాలి. నల్లరేగడి బురద ఎండి బిగుసుకున్న క్యాలిపర్ పిన్నులను కూడా శుభ్రం చేసి, బ్రేకులకు తగిన గ్రీజు రాయాలి.

పని ముగిశాక లివర్‌ను ఒక నిమిషం బలంగా నొక్కి పట్టి ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి, ఆపైన ఖాళీ మైదానంలో నడక వేగంతో పరీక్షించాకే దారి పట్టాలి.